కనిపించని పడవకు కాపు కాసే లెక్కలు

తెల్లవారితే ఆ పడవ ఆగిపోతుంది. ముప్పై నలభై అడుగుల ఫైబర్ బోటు. వెనక మూడో నాలుగో ఔట్‌బోర్డ్ మోటార్లు, మధ్యలో పేర్చిన కొకైన్ మూటలు, వాటి పక్కన పెట్రోలు డ్రమ్ములు. రాత్రంతా అలల మీద ఎగిరెగిరి పడుతూ పరుగెత్తిన ఆ బోటు పొద్దు పొడిచేసరికి ఇంజన్లు ఆపేసి, నీలం టార్పాలిన్ కప్పుకొని పడుకుంటుంది. పైన విమానంలో వెళ్లేవాళ్లకు నీలం మీద నీలమే కనిపిస్తుంది. వెనక నురగ చార ఉండదు, కదలిక ఉండదు. చీకటి పడ్డాక మళ్లీ పరుగు మొదలు. కొలంబియా, ఈక్వడార్ తీరాల్లో బయల్దేరి తూర్పు పసిఫిక్ మీదుగా మధ్య అమెరికా, మెక్సికోలకు సరకు చేరవేసే స్మగ్లర్లు ఏళ్ల తరబడి పాటిస్తున్న పద్ధతి ఇది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఒళ్లంతా నీళ్లలో మునిగి నెత్తి మాత్రమే పైకి కనిపించే పడవలు సొంతంగా కట్టుకుంటున్నారు.

ఈ పడవల ఆచూకీ పట్టే పని ప్రధానంగా ఫ్లోరిడా కొసన, కీ వెస్ట్ దీవిలో ఉన్న జాయింట్ ఇంటరేజెన్సీ టాస్క్‌ఫోర్స్ సౌత్‌ది. అమెరికా సైన్యం, కోస్ట్‌గార్డ్, నిఘా సంస్థలు, మిత్రదేశాల ప్రతినిధులు అక్కడ ఒకే చోట కూర్చుని పనిచేస్తారు. దాని పరిధి దాదాపు 4.2 కోట్ల చదరపు మైళ్లు. మన దేశమంత దేశాలు ముప్పైకి పైగా అందులో ఇముడుతాయి. గస్తీకి ఉన్న ఓడలు, విమానాలు మాత్రం కొద్దే. 2014లో ఆ ప్రాంత సైనిక కమాండర్ జనరల్ జాన్ కెల్లీ అమెరికా కాంగ్రెస్ ముందు ఒక మాట చెప్పారు: సముద్రం మీద స్మగ్లింగ్ జరుగుతోందని అనుమానం ఉన్న సందర్భాల్లో 74 శాతం వెంట తాము పడలేకపోతున్నామని, అందుకు చాలినన్ని సాధనాలు లేవని.

సమాచారం ఉండి కూడా చేతులు కట్టుకుని కూర్చోవలసి రావడం ఏ గస్తీ దళానికైనా బాధే. ఓడలు కొనాలంటే కోట్లు కావాలి, ఏళ్లు పడుతుంది. ఉన్న నాలుగు ఓడలను ఈ రోజు, ఈ గంటలో ఎక్కడ ఉంచితే ఎక్కువ ఫలితం వస్తుందో తేల్చడానికి మాత్రం కావలసింది లెక్క. ఎనభై ఏళ్లకు పైగా గణితవేత్తలు, నావికులు కలిసి పెంచుకుంటూ వచ్చిన ఆ లెక్క ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం.

ఆలస్యమయ్యేకొద్దీ సముద్రం పెరుగుతుంది

ఒక బోటు ఫలానా నదీముఖం నుంచి బయల్దేరిందని కబురు వచ్చిందనుకుందాం. దాని వేగం 25 నాట్లు, అంటే గంటకు 25 నాటికల్ మైళ్లు. ఎటు వెళ్లిందో తెలియదు. గస్తీ విమానం అక్కడికి చేరడానికి 4 గంటలు పట్టింది. ఈలోగా ఆ బోటు 100 నాటికల్ మైళ్ల లోపు ఎక్కడైనా ఉండొచ్చు. ఆ వృత్తం వైశాల్యం సుమారు 31,400 చదరపు నాటికల్ మైళ్లు. విమానం రావడానికి 8 గంటలు పడితే? ఆలస్యం రెండింతలైంది, కానీ వెతకాల్సిన సముద్రం నాలుగింతలైంది: 1,25,600 చదరపు నాటికల్ మైళ్లు. ఒక పక్క తీరం ఉంటుంది కాబట్టి నిజంగా అంత వెతకనక్కర్లేదు. అయినా ఆలస్యానికి వర్గం చొప్పున మూల్యం చెల్లించక తప్పదు.

కబురు అందాక బయల్దేరడం కంటే, కబురు రాకముందే సరైన చోట కాపు కాయడం ఎందుకు మేలో దీన్నిబట్టి తెలుస్తుంది. సరైన చోటు ఏదన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు శాస్త్రం పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో. అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాములు సరకు ఓడలను వరసపెట్టి ముంచుతున్న 1942లో అమెరికా నౌకాదళం భౌతిక శాస్త్రవేత్త ఫిలిప్ మోర్స్ నాయకత్వాన ఒక చిన్న బృందాన్ని కూర్చింది. అందులో బెర్నార్డ్ కూప్‌మన్ అనే గణితవేత్త ఉన్నారు. యుద్ధం ముగిశాక 1946లో ఆయన రాసిన నివేదికే అన్వేషణ సిద్ధాంతానికి పునాది.

కూప్‌మన్ మొదట అడిగింది చాలా మామూలు ప్రశ్న. ఒక విమానం ఒక గంటలో నిజానికి ఎంత సముద్రాన్ని చూస్తుంది? రాడార్ పరిధి ఎంతో కంపెనీ చెబుతుంది. కానీ అల లేచినప్పుడు, పొగమంచు కమ్మినప్పుడు, చూసే మనిషి అలిసిపోయినప్పుడు, పడవ చిన్నదైనప్పుడు ఆ పరిధి కుంచించుకుపోతుంది. వీటన్నిటినీ కలిపి, విమానం దారికి అటూ ఇటూ ఎంత మేర నమ్మకంగా గాలించినట్టో ఒక్క సంఖ్యలో చెప్పే కొలత ఆయన తయారుచేశారు. దాన్ని గాలింపు వెడల్పు అనుకుందాం.

ఒక విమానం గాలింపు వెడల్పు 20 నాటికల్ మైళ్లు, వేగం 200 నాట్లు, గాలించే సమయం 5 గంటలు. అంటే 20,000 చదరపు నాటికల్ మైళ్లు గాలించింది. వెతకాల్సింది 40,000. సగం గాలించాం కాబట్టి పడవ కనిపించే అవకాశం కూడా సగమే అనిపిస్తుంది. కానీ పడవ కదులుతూ ఉంటుంది, విమానం చూసిన చోటే మళ్లీ చూస్తుంది, మధ్యలో ఖాళీలు మిగిలిపోతాయి. కూప్‌మన్ సూత్రం ప్రకారం ఆ అవకాశం 39 శాతమే. ఇంకో 5 గంటలు వెతికితే 63 శాతానికి చేరుతుంది, మరో 5 గంటలకు 78కి. మొదటి 5 గంటలు 39 శాతం తెస్తే, రెండో 5 గంటలు 24, మూడో 5 గంటలు 15 శాతమే తెచ్చాయి.

ఒకే చోట పట్టుపట్టి వెతికితే ప్రతి అదనపు గంటకూ ఫలితం తగ్గుతూ పోతుంది. ఆ గంటను పక్క ప్రాంతంలో వెచ్చిస్తే ఎక్కువ ఫలితం వచ్చే క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణాన్ని పసిగట్టి విమానాన్ని మళ్లించడమే మంచి ప్రణాళిక.

వెతికినా దొరకలేదంటే

ఎంత బాగా వెతికినా చాలాసార్లు గస్తీ విమానం ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. మామూలుగా చూస్తే ఆ రోజు వృథా. గణితం దాన్ని వృథాగా వదలదు. ఇంటర్ రెండో ఏడాది 2-ఏ గణితంలో మన పిల్లలు మార్కుల కోసం బట్టీ పట్టే బేయిస్ సిద్ధాంతం ఇక్కడ కళ్ల ముందు పనిచేస్తుంది.

స్మగ్లర్ వెళ్లగల దారులు మూడు. పాత అనుభవాన్ని బట్టి మొదటి దారికి 50 శాతం, రెండోదానికి 30, మూడోదానికి 20 శాతం అవకాశం ఇచ్చాం. విమానం మొదటి దారిని గాలించింది. పడవ అక్కడే ఉంటే కనిపించే అవకాశం 80 శాతం. కనిపించలేదు. ఇప్పుడేమనుకోవాలి?

మొదటి దారిలో ఉండి కూడా కంటపడకపోయే అవకాశం 50లో ఐదో వంతు, అంటే 10. రెండో దారిలో ఉండే అవకాశం 30, మూడో దారిలో 20 అలాగే ఉన్నాయి. మొత్తం 60. ఈ 60ని వందగా చేసి పంచితే మొదటి దారికి సుమారు 17 శాతం, రెండోదానికి 50, మూడోదానికి 33 వస్తాయి. విమానం దేన్నీ పట్టుకోలేదు. అయినా రేపు ఎటు వెళ్లాలో చెప్పింది. గస్తీ పూర్తయిన ప్రతిసారీ సముద్రం మ్యాప్ మీద రంగులు ఇలా మారుతూ ఉంటాయి.

ఇందులో అన్నిటికన్నా కీలకం ఆ 80 శాతం. దాన్ని గొప్పలకు పోయి పెంచి వేస్తే లెక్కంతా తప్పుదారి పడుతుంది. ఇందుకు ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానాన్ని మించిన ఉదాహరణ లేదు. రియో నుంచి పారిస్ వెళ్తూ 2009 జూన్ 1న అది 228 మందితో అట్లాంటిక్‌లో కూలిపోయింది. బ్లాక్‌బాక్స్‌లు నీటి అడుగు నుంచి సంకేతాలు పంపుతాయన్న నమ్మకంతో మొదట వాటిని వినే పరికరాలతో గాలించారు. ఏమీ వినిపించలేదు. కాబట్టి విమానం అక్కడ లేదనుకుని దూరంగా వెతుకుతూ పోయారు. దాదాపు రెండేళ్ల తర్వాత మెట్రాన్ అనే అమెరికన్ సంస్థ గణితవేత్తలు అన్ని వివరాలతో బేయిస్ లెక్క మళ్లీ కట్టారు. ఆ సంకేత పరికరాలు అసలు పనిచేయకపోయి ఉంటే అన్న అవకాశాన్ని కూడా అందులో చేర్చారు. వెంటనే మ్యాప్ మీద ఎక్కువ అవకాశం ఉన్న ప్రాంతం విమానం చివరగా కనిపించిన చోటు దగ్గరికే తిరిగొచ్చింది. 2011 ఏప్రిల్ 3న శకలాలు అక్కడే దొరికాయి. తన చూపు ఎంత బలహీనమో నిజాయితీగా ఒప్పుకున్న లెక్కే దారి చూపింది.

వాతావరణాన్ని చదివే మ్యాప్

కూలిన విమానం ఉన్నచోటే ఉంటుంది. స్మగ్లర్ బోటు ఉండదు. పైగా దానికో బుర్ర ఉంది. దాని దారిని ఊహించాలంటే బోటు నడిపేవాడి కష్టం తెలియాలి.

ఎనిమిది అడుగుల అల మీద చిన్న బోటు పూర్తి వేగంతో పోలేదు. ఎదురు ప్రవాహం పెట్రోలు తాగేస్తుంది. నడిమధ్యలో పెట్రోలు అయిపోతే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి ఇంధనం అందించే పడవ ఎక్కడ నిలబడగలదో ముందే చూసుకుంటాడు. వెన్నెల రాత్రికీ అమావాస్యకూ తేడా ఉంటుంది. అందుకే ఈ మోడళ్లలో వాతావరణ సూచన ముఖ్యమైన ముడిసరకు. సోమాలియా సముద్రపు దొంగల మీద పోరాడిన రోజుల్లో అమెరికా నౌకాదళ పరిశోధకులు దీన్ని ఆచరణలో పెట్టారు. గాలి, అల, ప్రవాహాల సూచనలను దొంగల అలవాట్లతోను, నిఘా సమాచారంతోను కలిపి, రానున్న రోజుల్లో ఏ చదరంలో దాడి ప్రమాదం ఎంతో చూపే మ్యాప్ తయారుచేశారు. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం ఉగ్రంగా ఉంటుంది, దొంగల చిన్న పడవలు బయటికి రాలేవు, దాడులు తగ్గుతాయి. మన రైతుకు వాన తెచ్చే గాలే అటు దొంగను గట్టున కూర్చోబెడుతుంది.

స్మగ్లర్ల విషయంలోనూ ఇదే పద్ధతి. నిఘా కబురులో నాలుగు సంగతులుంటాయి: ఎక్కడ బయల్దేరుతుంది, ఏ రోజుల మధ్య, ఎలాంటి బోటు, ఎంత సరకు. ఏదీ కచ్చితం కాదు. కంప్యూటర్ ఆ అనిశ్చితిని అలాగే ఉంచి వేలకొద్దీ ఊహా ప్రయాణాలు నడిపిస్తుంది. ఒకటి ఈ రాత్రి బయల్దేరి తీరం వెంట వెళ్తుంది, ఇంకొకటి రేపు తెల్లవారుజామున బయల్దేరి లోపలి సముద్రం పడుతుంది. ఏ చదరం మీదుగా ఎక్కువ ప్రయాణాలు సాగితే ఆ చదరానికి అంత ముదురు రంగు.

అయితే మ్యాప్ గీసినంత మాత్రాన పని కాదు. పీ-3 లాంటి గస్తీ విమానం బోటును చూడగలదు, ఆపలేదు. ఓడ ఆపగలదు, కానీ బోటు కన్నా నెమ్మది. ఓడ మీది హెలికాప్టర్ బోటును మించిన వేగంతో వెళ్తుంది, కానీ దాని ఇంధనం కొద్ది గంటలకే. జాక్సన్‌విల్‌లో ఉన్న హిట్రాన్ అనే కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ దళం పనితీరు చూస్తే ఇవన్నీ ఎలా అతుక్కోవాలో తెలుస్తుంది. హెలికాప్టర్ బోటు పక్కకు దిగి ఆగమని హెచ్చరిస్తుంది. వినకపోతే ముందు నీళ్లలోకి కాలుస్తుంది. అప్పటికీ ఆగకపోతే తలుపు దగ్గర కూర్చున్న గురికాడు రైఫిల్‌తో మనుషులను వదిలేసి మోటార్లను ఒక్కొక్కటిగా కొడతాడు. బోటు ఆగాక ఓడ నుంచి చిన్న పడవలో సిబ్బంది వచ్చి ఎక్కి సోదా చేస్తారు. ఈ గొలుసులో ఒక్క లంకె అందనంత దూరంలో ఉన్నా ముందు జరిగినదంతా వృథా. విమానం చూసింది, ఓడ అందలేదు, బోటు పోయింది.

అందుకే చూసేవాళ్లను ఎక్కడ పెట్టాలి, పట్టేవాళ్లను ఎక్కడ పెట్టాలి అనే రెండు ప్రశ్నలను ఒకే లెక్కలో కలపాలి. కనెటికట్ విశ్వవిద్యాలయంలో కృష్ణ పట్టిపాటి బృందం మాంటెరీలోని అమెరికా నౌకాదళ పరిశోధకులతో కలిసి చేసిన పని ఇదే. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లిన పట్టిపాటి అనేక సాధనాలను ఏకకాలంలో పనిలో పెట్టే లెక్కల్లో నిపుణుడు.

ఆ లెక్క ఎంత పెద్దదో ఊహించండి. 5 ఓడలు, 20 ప్రాంతాలు. ఒక రోజుకే 32 లక్షల అమరికలు. మూడు రోజుల ప్రణాళికకు 3 లక్షల కోట్ల కోట్లకు పైమాటే. అన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించాలంటే ఏ కంప్యూటర్‌కూ తరం కాదు. కాబట్టి ఏమాత్రం పనికిరాని కొమ్మలను మొదట్లోనే నరికేసే పద్ధతులు, ఉత్తమానికి దగ్గరగా ఉన్న జవాబును నిమిషాల్లో తేల్చే పద్ధతులు వాడతారు. గస్తీ అధికారికి ఒకే ఆజ్ఞ ఇవ్వకుండా రెండు మూడు ప్రణాళికలు పక్కపక్కన చూపిస్తారు. ఎంచుకునేది ఆయనే.

ఎదుటివాడు కూడా ఆలోచిస్తాడు

ఇంతవరకూ స్మగ్లర్‌ను అలలాగా, గాలిలాగా చూశాం. కానీ అల మన గస్తీని గమనించి దారి మార్చుకోదు, స్మగ్లర్ మార్చుకుంటాడు. రేవులో ఓడ ఎప్పుడు కదిలిందో కబురు పెట్టే మనుషులు అతనికీ ఉన్నారు. ప్రతి మంగళవారం విమానం ఉత్తరానికి వెళ్తే బుధవారానికల్లా అతనికి తెలిసిపోతుంది.

పులి-మేక ఆటలో పులులూ మేకలూ అన్నీ బల్ల మీద ఇద్దరికీ కనిపిస్తూనే ఉంటాయి. సముద్రం మీద ఆడే ఈ ఆటలో ఒకరి ఎత్తు ఒకరికి కనిపించదు, ఎదుటివాడి అలవాటు మాత్రమే తెలుస్తుంది. అలాంటప్పుడు ఎలా ఆడాలో గేమ్ థియరీ చెబుతుంది.

రెండు దారులు, ఒకే గస్తీ ఓడ. తీరం దగ్గరి దారిలో ఓడ ఉంటే, అటు వచ్చిన స్మగ్లర్ పట్టుబడే అవకాశం 60 శాతం. లోపలి సముద్రంలో అదే ఓడ ఉంటే 30 శాతం. ఓడను ఎక్కడ ఉంచాలి? తేలిగ్గా పట్టగలిగే తీరం దారిలోనే అని మనసు చెబుతుంది. కానీ అక్కడే ఉంచితే స్మగ్లర్ లోపలి దారిన నిశ్చింతగా వెళ్తాడు, పట్టుబడే అవకాశం సున్నా. సగం రోజులు ఇక్కడ, సగం రోజులు అక్కడ ఉంచితే? లోపలి దారినే ఎంచుకుంటాడు, పట్టుబడే అవకాశం 15 శాతం. అసలు జవాబు మూడింట ఒక వంతు రోజులు తీరం దగ్గర, మూడింట రెండు వంతులు లోపలి సముద్రంలో. అప్పుడు ఏ దారిన వచ్చినా పట్టుబడే అవకాశం 20 శాతం. దారి మార్చుకున్నా అతనికి ఒరిగేదేమీ లేదు. పట్టుకోవడం కష్టమైన చోటే ఎక్కువ కాలం ఉండాలన్నది ఈ లెక్క చెప్పే అనుకోని నిజం.

అయితే ఏ రోజు ఎటు అన్నది పాచిక వేసి తేల్చాలి. మనిషికి వదిలేస్తే తనకు తెలియకుండానే వరస పడుతుంది: నిన్న ఇటు వెళ్లాం కాబట్టి ఈ రోజు అటు. ఆ వరసను ఎదుటివాడు పట్టేస్తాడు. కంప్యూటర్ వేసే పాచికకు అలవాట్లుండవు.

ఈ ఆలోచనను నిజమైన గస్తీల్లోకి తెచ్చిన వారిలో మిలింద్ తాంబే ముఖ్యుడు. పిలానీ బిట్స్‌లో చదివిన ఆయన సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉండగా ఆయన బృందం 2007లో లాస్ ఏంజెలిస్ విమానాశ్రయం తనిఖీలకు, 2011లో బోస్టన్ రేవులో కోస్ట్‌గార్డ్ గస్తీలకు ఇలాంటి ప్రణాళికలు తయారుచేసింది. బోస్టన్‌లో లక్ష్యం ఉగ్రవాద దాడులను అడ్డుకోవడం, కానీ లెక్క ఒకటే. ఎదుటివాడు ఎప్పుడూ అత్యుత్తమ ఎత్తే వేస్తాడని వాళ్లు అనుకోలేదు. మనిషి కాబట్టి తడబడతాడు, లాభం ఎక్కువున్న వైపు ఎక్కువసార్లు మొగ్గుతాడు అనే అంచనాతో మోడల్ కట్టారు. తర్వాత కోస్ట్‌గార్డ్ తన సిబ్బందిలోనే కొందరిని దాడిచేసేవాళ్లలా ఆలోచించమని పెట్టి పాత గస్తీని, కొత్త గస్తీని పోల్చి చూసింది.

మూసిన దారి, తెరిచిన దారి

ఒక ఓడ, ఒక బోటు వదిలేసి మొత్తం రవాణాను ఒక వలలా చూస్తే మరో ప్రశ్న వస్తుంది. ఎన్ని దారులు తెంపితే సరకు ఆగుతుంది? ఈ ప్రశ్న ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో పుట్టింది. 1955లో అమెరికాలోని రాండ్ పరిశోధన సంస్థలో హారిస్, రాస్ అనే ఇద్దరు సోవియట్ రైలు మార్గాల మీద రహస్య నివేదిక రాశారు. తూర్పు ఐరోపాకు ఎంత సరకు వెళ్లగలదు, దాన్ని ఆపాలంటే తక్కువలో తక్కువ ఏయే లైన్లు తెంపాలి అన్నది దాని విషయం. వెళ్లగల గరిష్ఠ సరకూ, తెంపాల్సిన లైన్ల కనీస మొత్తం సామర్థ్యమూ ఒకటేనని ఫోర్డ్, ఫుల్కర్సన్ నిరూపించిన సిద్ధాంతం 1956లో అచ్చయింది. 1993లో మాంటెరీ నౌకాదళ విద్యాసంస్థకు చెందిన కెవిన్ వుడ్ దీన్ని దక్షిణ అమెరికా నదులు, రోడ్ల మీద మాదకద్రవ్యాలను, వాటి తయారీకి కావలసిన రసాయనాలను అడ్డుకునే సమస్యకు మలిచారు.

కానీ రైలు పట్టాలు భూమిలో పాతుకుపోయి ఉంటాయి. స్మగ్లర్ దారి అలా ఉండదు. 1982లో అమెరికా దక్షిణ ఫ్లోరిడాలో గట్టి చర్యలు మొదలుపెట్టాక కరీబియన్ మీదుగా మయామీకి వచ్చే దారి బిగుసుకుంది, రవాణా మెక్సికో వైపు, పసిఫిక్ వైపు జరుగుతూ పోయింది. 2019లో అలబామా విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ మాగ్లియోకా, సహచరులు ప్రచురించిన కంప్యూటర్ మోడల్‌లో ముఠాలూ గస్తీ దళాలూ ఒకరినొకరు చూసి నేర్చుకుంటూ పోతాయి. మధ్య అమెరికాలో నిజంగా జరిగినదానికి ఆ మోడల్ ఫలితాలు దగ్గరగా వచ్చాయి. ఒత్తిడి పెరిగేకొద్దీ దారులు చీలి, ఇంకా మారుమూలలకు పాకాయి. తమ పరిధిలో గస్తీ దళాలు నిజంగా వెతకాల్సిన ప్రాంతం 1996లో 20 లక్షల చదరపు మైళ్లుంటే 2017 నాటికి 70 లక్షలకు చేరింది.

దీన్ని దాచిపెట్టి గస్తీ మోడళ్లను పొగడటం పాఠకులను మోసం చేయడమే. ఈ రాత్రి ఓడ ఎక్కడుండాలో ఈ లెక్క అద్భుతంగా చెబుతుంది. పదేళ్ల తర్వాత కొకైన్ వాడకం తగ్గుతుందా అన్నది దాని చేతిలో లేదు. అది కొనేవాడి వ్యసనంతోను, కోకా పండించేవాడి పేదరికంతోను ముడిపడిన ప్రశ్న.

ముదురు చదరంలో ఉన్నవాడు ఎవడు

ఇంకో హద్దు ఉంది. అది మనిషి ప్రాణానికి సంబంధించింది. మోడల్ చెప్పేది చోటు గురించి. ఈ చదరంలో స్మగ్లర్ ఉండే అవకాశం ఎక్కువ అని చెబుతుంది. ఆ చదరంలో కనిపించిన ఈ పడవ స్మగ్లర్‌దే అని చెప్పదు. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరముందో ఒక చిన్న లెక్కలో చూడొచ్చు.

ఒక ప్రాంతంలో 1,000 పడవలున్నాయి. వాటిలో 2 స్మగ్లర్లవి, మిగతా 998 చేపల వేటకు వచ్చినవి. మన పరికరం స్మగ్లర్‌ను నూటికి 90 సార్లు సరిగ్గా గుర్తిస్తుంది, అమాయకుడిని నూటికి 5 సార్లే పొరపాటున అనుమానిస్తుంది. మంచి పరికరమే. అయినా అది వేలు చూపిన పడవలు సుమారు 52 ఉంటే వాటిలో నిజమైన స్మగ్లర్లు 2కు లోపే. మిగిలిన 50 వేటకొచ్చిన పడవలే.

ఈ 50 పడవలు మనకు పరాయివి కావు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్ల మీద వేట చేస్తారు. ఇరాన్, పాకిస్తాన్‌ల మక్రాన్ తీరం నుంచి మాదకద్రవ్యాలు మోసుకొచ్చే పడవలు తిరిగేదీ ఆ అరేబియా సముద్రంలోనే. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి దూరంగా ఇటలీ నౌక ఎన్రికా లెక్సీ మీది సైనికులు వేట పడవను సముద్రపు దొంగలదని పొరబడి కాల్చారు, ఇద్దరు భారతీయ మత్స్యకారులు చనిపోయారు. 2025 సెప్టెంబరు నుంచి అమెరికా సైన్యం కరీబియన్‌లోను, తర్వాత తూర్పు పసిఫిక్‌లోను మాదకద్రవ్యాలు మోస్తున్నాయంటూ పడవలను నేరుగా పేల్చేయడం మొదలుపెట్టింది. చట్టం దీని గురించి ఏమంటుందో న్యాయనిపుణులు వాదించుకుంటున్నారు. శాస్త్రం వైపు నుంచి చెప్పగలిగిన మాట ఒకటుంది. పడవ ఎక్కి సోదా చేసినప్పుడే అనుమానం నిజమో కాదో తేలుతుంది. అందులో దొరికిన జీపీఎస్, ఫోన్లు, మనుషుల వాంగ్మూలాలు మోడల్‌కు మళ్లీ పాఠాలవుతాయి. పడవ మునిగిపోతే ఆ లెక్క సరైందో కాదో ఎప్పటికీ తెలియదు. తప్పు తెలుసుకునే దారి మూసేసుకున్న మోడల్‌ను విజ్ఞానం అనలేం.

పట్టుకునే దారి ఎలా ఉంటుందో 2024 నవంబరులో మన కోస్ట్‌గార్డ్ చూపించింది. అండమాన్‌లోని బారెన్ దీవి దగ్గర గస్తీలో ఉన్న డోర్నియర్ విమానం ఒక పడవ తీరు అనుమానంగా ఉందని గమనించి కబురు పెట్టింది. ఓడలు వెళ్లి దాన్ని ఆపి రేవుకు తీసుకొచ్చాయి. మయన్మార్ నుంచి వచ్చిన ఆ పడవలో 5 టన్నులకు పైగా మెథాంఫెటమిన్ దొరికింది. అందులో ఉన్న ఆరుగురూ ప్రాణాలతో చట్టం ముందుకు వచ్చారు.

అమాయకులను అనుమానం నుంచి తప్పించే ఉపాయం కూడా ఈ లెక్కలోనే ఉంది. అంతర్జాతీయ ప్రయాణం చేసే 300 టన్నులు, అంతకు మించిన ఓడలు తమ ఉనికిని రేడియో ద్వారా చాటే ఏఐఎస్ పరికరం పెట్టుకోవాలని నియమం ఉంది. చిన్న పడవలకు అది వర్తించదు. మన దేశంలో తీర రాష్ట్రాల మత్స్యకారుల బోట్లకు లక్ష ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. తుఫాను హెచ్చరిక అందుకోవడానికి, ఆపదలో సాయం కోరడానికి అవి పనికొస్తాయి. అంతేకాదు, పై ఉదాహరణలోని 998 వేట పడవల్లో 900 తామెవరో చెప్పుకోగలిగితే అనుమానించాల్సినవి 98 వేట పడవలు, 2 స్మగ్లర్ పడవలే. అప్పుడు అదే పరికరం 52కు బదులు 7 పడవల మీద వేలు చూపుతుంది, వాటిలో దాదాపు రెండు నిజంగా స్మగ్లర్లవే. రాడార్ మారలేదు, సూత్రం మారలేదు, ఓడలు పెరగలేదు. నిజాయితీగా బతికేవాళ్లు మ్యాప్ మీద కనిపించారు, అంతే. గస్తీ మోడళ్ల మీద పెట్టే ప్రతి రూపాయితో పాటు ఒక రూపాయి మత్స్యకారుడి బోటు మీది ఆ చిన్న పరికరానికి, దాని బ్యాటరీకి, దాని మరమ్మతుకు పెట్టడం కూడా ఈ గణితం చెప్పే పాఠమే.